మందుల సంచి ముడి విప్పితే
పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మందుల గురించే ఉన్నాయి. నెల్లూరు పొగతోటలో ఆస్పత్రులకూ మందుల షాపులకూ మధ్య తిరిగే మనుషుల్లో చాలామంది చేతిలో ఒక సంచి కనిపిస్తుంది. ఆ సంచిలో ఉన్న మాత్రల్లో ఏది ఎవరు రాశారో, ఏది మానేయమన్నారో, ఏది కొనసాగించమన్నారో తడుముకోకుండా చెప్పగలిగినవారు మాత్రం తక్కువ. ఆస్పత్రి ఫార్మసీలో చాలా ఏళ్ళు పనిచేసి, ఆ తర్వాత విద్యార్థులకు పాఠం చెప్పిన అనుభవంతో, వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఇవి చదివి ఎవరూ తమంతట తాముగా మందు మానవద్దని, మార్చవద్దని ముందే మనవి చేస్తున్నాను. మీ వైద్యుణ్ణి ఏమి అడగాలో తెలియడానికి ఇవి పనికివస్తే చాలు.

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్ళు. షుగరు, బీపీ ఉన్నాయి. కాళ్ళ వాపు, ఆయాసం రావడంతో నెల్లూరులో ఒక ఆస్పత్రిలో చేర్చాము. రెండో రోజు తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి వచ్చి, ఇంట్లో వాడే మందులన్నీ చూపించమని అడిగి ఒక్కొక్క స్ట్రిప్పు పేరూ రాసుకుంది. తర్వాత ఒక కాగితం ఇచ్చి, పరిశోధనకు మీ సమ్మతి కావాలి, సంతకం పెట్టండి అంది. డాక్టరు కాదట, ఫార్మసీ చదువుతోందట. నాన్నగారి మీద కొత్త మందు ఏదైనా ప్రయోగిస్తారేమోనని భయపడి సంతకం పెట్టలేదు. మేము చేసింది తప్పా? — కావలి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: తప్పు కాదు. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకపోవడమే సరైన పని. సమ్మతి ఇవ్వనంత మాత్రాన మీ నాన్నగారి చికిత్సకు ఏ లోటూ రాకూడదు, ఇచ్చిన సమ్మతిని మధ్యలో వెనక్కి తీసుకునే హక్కు కూడా మీకు ఉంటుంది. భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన నైతిక మార్గదర్శకాలు చెప్పేది ఇదే. ఆ కాగితంలో ఏముందో మీకు అర్థమయ్యే తెలుగులో చదివి వినిపించడం, అడిగినవాటికి ఓపికగా జవాబు చెప్పడం ఆ అమ్మాయి బాధ్యత. అది జరగకపోతే లోపం ఆమెకు నేర్పిన మా వంటి వారిదే.

అయితే మీరు భయపడినట్టు అక్కడ కొత్త మందు ప్రయోగం జరుగుతుండే అవకాశం చాలా తక్కువ. కొత్త మందును మనుషుల మీద పరీక్షించాలంటే 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల కింద వేరే అనుమతులు ఉండాలి, పద్ధతి కూడా వేరుగా ఉంటుంది. మీ దగ్గరికి వచ్చిన అమ్మాయి బహుశా ఫార్మ్‌డి విద్యార్థిని అయి ఉంటుంది. ఇంటర్మీడియట్ తర్వాత ఆరేళ్ళు సాగే ఈ చదువు మన దేశంలో 2008లో మొదలైంది, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్పు. రోగి మంచం దగ్గర నిలబడి, వైద్యుడు రాసిన మందు సరైన మోతాదులో, సరైన వేళకు, ఇతర మందులతో పేచీ లేకుండా అందుతోందో లేదో చూడడం ఈ చదువులో ముఖ్యమైన భాగం. మీరు చెప్పినదాన్ని బట్టి ఆమె చేస్తున్నది పరిశీలన మాత్రమే. ఇప్పటికే వాడుతున్న మందులను రాసుకుని, ఆస్పత్రిలో రాసినవాటితో పోల్చి, ఎక్కడ తేడా ఉందో లెక్కపెట్టే పని అది.

ఆ సంచి ఎందుకు అడిగిందో చెప్పాలంటే నేను స్వయంగా చూసిన ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట నేను పనిచేస్తున్న ఆస్పత్రికి ఒక పెద్దాయనను, మంచం మీద నుంచి లేవగానే కళ్ళు తిరిగి పడిపోతున్నారని తీసుకొచ్చారు. బీపీ బాగా పడిపోయి ఉంది. వాడుతున్న మందులేమిటని అడిగితే, ఆయన భార్య ఒక పాలిథిన్ సంచి ముడి విప్పి మంచం మీద బోర్లించింది. పదకొండు స్ట్రిప్పులు పడ్డాయి. వాటిలో మూడు వేర్వేరు కంపెనీల పేర్లతో, మూడు రంగుల్లో ఉన్నాయి. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివితే మూడింటి మీదా ఉన్నది ఒకటే, బీపీకి వాడే టెల్మిసార్టాన్ 40 మి.గ్రా. ఒకటి ఊళ్ళో డాక్టరు రాసినది, ఇంకొకటి అంతకుముందు డిశ్చార్జి అయినప్పుడు ఇచ్చినది, మూడోది పాతది దొరకనప్పుడు మందుల షాపులో బదులుగా ఇచ్చినది. ఆ తల్లి ఒక్క పూట కూడా తప్పకుండా మూడూ పొద్దున్నే కాఫీ తర్వాత ఇచ్చేది. భర్తకు మందు తప్పకూడదన్న శ్రద్ధే ఆమె చేత ఆ పని చేయించింది. మాత్ర రాసిన ఇద్దరు వైద్యులకూ, అమ్మిన షాపతనికీ మిగతా రెండింటి సంగతి తెలియదు. ఆ మూడు స్ట్రిప్పులనూ ఒక్కచోట పెట్టి చూసే మనిషి అంతవరకూ ఎవరూ లేకపోయారు.

మీ నాన్నగారి విషయంలో ఆ పోలిక మరింత అవసరం. షుగరుకు వాడే పయోగ్లిటజోన్ అనే మందు ఒంట్లో నీరు నిలిచేలా చేస్తుంది, గుండె బలహీనపడినవారికి దాన్ని ఇవ్వకూడదు. బీపీకి విరివిగా వాడే ఆమ్లోడిపిన్ వల్ల పాదాలు, చీలమండలు వాచడం మామూలుగా చూసేదే. నొప్పుల మాత్రలు కూడా నీటినీ ఉప్పునూ ఒంట్లో నిలిపేస్తాయి. కాళ్ళ వాపు, ఆయాసంతో వచ్చిన 67 ఏళ్ళ మనిషి సంచిలో వీటిలో ఏదైనా ఉందేమోనని వెతకడం, గుండెకూ మూత్రపిండాలకూ పరీక్షలు చేసినంత ముఖ్యమైన పని. సంచిలో అవి కనిపిస్తే మీరే ఆపేయవద్దు, స్ట్రిప్పును వైద్యుడికి చూపించి అడగండి.

ఇంకోసారి ఎవరైనా అలాంటి కాగితం తెస్తే, ఈ పరిశోధనకు ఆస్పత్రి నైతిక సంఘం (పరిశోధనలో రోగికి అన్యాయం జరగకుండా చూసే సంఘం) అనుమతి ఉందా, నాన్నగారి పేరు బయటికి రాకుండా ఏమి చేస్తారు, చికిత్సలో ఏదైనా మార్పు ఉంటుందా, తప్పు ఏదైనా కనబడితే వెంటనే వైద్యుడికి చెబుతారా లేక రాసుకుని ఊరుకుంటారా అని అడగండి. చివరి ప్రశ్నకు తృప్తికరమైన జవాబు వస్తే సంతకం పెట్టవచ్చునని నా అభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో 'హాని లేని మందు' అన్న పిలుపు ఇచ్చింది. నివారించదగిన తీవ్రమైన మందుల హానిని ఐదేళ్ళలో సగానికి తగ్గించాలన్న ఆ లక్ష్యానికి ఇలా సంచులు బోర్లించి లెక్కపెట్టే పనే పునాది.

ప్రశ్న: నేను ఒంగోలులో ఫార్మ్‌డి ఐదో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు మొదలుపెట్టాలి. తోటివారిలో చాలామంది ప్రశ్నావళి పంచి, శాతాలు తీసి, పుస్తకం కుట్టించి ఇచ్చేస్తున్నారు. ఆస్పత్రి ఫార్మసీ పరిశోధన వల్ల రోగికి నిజంగా మేలు జరిగిన దాఖలాలు ఉన్నాయా? ఎలాంటి విషయం తీసుకోమంటారు? — ఒంగోలు నుంచి ఒక విద్యార్థి

జవాబు: మీ ఉత్తరం చదివి సంతోషించాను. దాఖలాలు ఉన్నాయి, వాటి వెనక చాలా ఓపిక కూడా ఉంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగినది ముందు చెబుతాను. ఒక రాత్రి వార్డుకు మందులు అందించడానికి వెళ్ళాను. నర్సు ఒక యాంటీబయాటిక్ పొడిని కలపడానికి ట్రేలో నుంచి డిస్టిల్డ్ వాటర్ అంపుల్ (సూదిమందు ఉండే చిన్న గొట్టం) అనుకుని ఒకటి తీసి మెడ విరవబోతోంది. డిస్టిల్డ్ వాటర్, పొటాషియం క్లోరైడ్ అంపుళ్ళు రెండూ ఒకే పరిమాణంలో, 10 మి.లీ., పారదర్శకంగా ఉంటాయి. లైటు వెలుతురు సరిగా లేదు. ఆమె చేతిలో ఉన్నది పొటాషియం క్లోరైడ్. అది సెలైన్‌లో పలచన చేసి, గంటల తరబడి మెల్లగా ఎక్కించవలసిన మందు. నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. నేను చూసి ఆపాను. ఇద్దరం కాసేపు మాట్లాడలేకపోయాము. ఆ అమ్మాయి అప్పటికి వరుసగా రెండో షిఫ్టులో ఉంది. మర్నాడు ఎవరికీ చెప్పలేదు. ఆమె ఉద్యోగం పోతుందని ఆమె చెప్పలేదు, ఆమెకు మాట వస్తుందని నేనూ ఎక్కడా రాయలేదు. ఆ ట్రే మాత్రం అలాగే ఉంది. అది నేను చేసిన తప్పు అని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

మనలాగే లోకమంతా రాయకుండా ఊరుకుంటుందన్న సంగతిని అంకెల్లో చూపించినవాడు అమెరికా ఫార్మసీ పరిశోధకుడు కెన్నెత్ బార్కర్. 1960ల మొదట్లోనే ఆయన ఒక సాదా పద్ధతి మొదలుపెట్టాడు. నర్సు పక్కన నిలబడి, ఇచ్చిన ప్రతి మోతాదునూ కళ్ళారా చూసి రాసుకోవడం, తర్వాత దాన్ని వైద్యుడి ఆదేశంతో పోల్చడం. ఆయన బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో 36 సంస్థల్లో గమనించిన మోతాదుల్లో 19 శాతం, అంటే దాదాపు ఐదింటిలో ఒకటి, ఏదో ఒక విధంగా తేడాగా అందినట్టు తేలింది. వాటిలో ఎక్కువ భాగం వేళ తప్పినవి, అసలు ఇవ్వనివి. అదే ఏడాది అదే బృందం చేసిన మరో పోలిక నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. నిర్ధారణ అయిన 457 పొరపాట్లలో పక్కన నిలబడి చూసినవారికి 300 దొరికాయి, కేస్ షీట్లు తిరగేసినవారికి 17 దొరికాయి, సిబ్బంది తమంతట తాము రాసి ఇచ్చిన నివేదికల్లో ఒక్కటే కనబడింది. నివేదికల పెట్టె ఖాళీగా ఉంది కాబట్టి మా ఆస్పత్రిలో పొరపాట్లు లేవని ఎవరైనా అన్నప్పుడు ఈ మూడు అంకెలనూ తలచుకోండి.

మేలు జరిగిన దాఖలా అడిగారు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి ఐసీయూలో వైద్యులు ఉదయం రౌండ్లకు వెళ్ళేటప్పుడు ఒక ఫార్మసిస్టును కూడా వెంట తీసుకువెళ్ళారు. మందు రాయడంలో జరిగే, నివారించదగిన హాని ప్రతి వెయ్యి రోగి-దినాలకు (ఒక రోగి ఆస్పత్రిలో ఉన్న ఒక రోజు ఒక రోగి-దినం) 10.4 నుంచి 3.5కు, అంటే 66 శాతం తగ్గింది. అమెరికా వైద్యుడు లూసియన్ లీప్ బృందం 1999లో ప్రచురించిన ఫలితం ఇది. అందులో కొత్త యంత్రం లేదు, కొత్త మందు లేదు. మందు రాసే క్షణంలో మందు గురించి తెలిసిన మనిషి పక్కన ఉన్నాడు, అంతే.

ఇక మీ విషయానికి వస్తే, ప్రశ్నావళిని పక్కన పెట్టి చూడడం మొదలుపెట్టండి. అంశం చిన్నదైనా ఫరవాలేదు, మోతాదు మోతాదుకూ లెక్క తేలేదిగా ఉండాలి. ఉదాహరణకు, ముక్కులో గొట్టం వేసిన రోగులకు మాత్రలు నూరి పోస్తుంటారు. వాటిలో నూరకూడనివి ఎన్ని? పేగులోకి వెళ్ళాకే కరగవలసిన ఎసిడిటీ మాత్ర పాంటోప్రజోల్‌ను నూరితే కడుపులోని ఆమ్లం దాన్ని చెడగొడుతుంది. మెల్లమెల్లగా విడుదల కావలసిన మాత్రను నూరితే రోజంతటి మోతాదూ ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. లేదా, భోజనానికి అరగంట ముందు పడవలసిన మామూలు ఇన్సులిన్ సూదికీ, వార్డులో భోజనం బండి వచ్చిన వేళకూ మధ్య ఎంత తేడా ఉందో గడియారం పట్టుకుని నెల రోజులు రాయండి. బండి ఆలస్యమైన రోజుల్లో ఎంతమందికి షుగరు పడిపోయిందో కూడా రాయండి. ఓపీలో చేయదలిస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో ఇచ్చిన సూచికలు ఇప్పటికీ చక్కగా పనిచేస్తాయి. ఒక చీటీలో సగటున ఎన్ని మందులు, ఎన్ని చీటీల్లో యాంటీబయాటిక్, ఎన్నింటిలో సూది, ఎన్ని మందులు జెనరిక్ పేరుతో (కంపెనీ పెట్టిన పేరు కాక, మందు అసలు పేరుతో) రాశారు అన్నవి అందులో ముఖ్యమైనవి. సూది వేయకపోతే జ్వరం తగ్గదని నమ్మే మన ప్రాంతంలో ఆ సూది లెక్క ఒక్కటి తీసినా విలువైనదే.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఎన్ని పొరపాట్లు దొరికాయన్నది సగం లెక్కే, ఎన్ని మోతాదులు చూస్తే అన్ని దొరికాయన్నది కూడా రాయాలి. లేకపోతే ఎక్కువ శ్రద్ధగా చూసిన వార్డే ఎక్కువ చెడ్డదిగా కనిపిస్తుంది. నర్సుల పేర్లు ఎక్కడా రాయకండి. ఆ సంగతి మొదటి రోజే వారికి చెప్పండి. ఫలితాలు ముందు వారికే చూపించండి. వారితో కూర్చుని ఒక్క మార్పు చేయించి, మళ్ళీ నెల రోజులు అదే లెక్క తీయండి. మా ఆస్పత్రిలో చాలా ఆలస్యంగానైనా పొటాషియం అంపుళ్ళను వార్డు ట్రేల నుంచి తీసి, 'పలచన చేయకుండా వేయరాదు' అని తెలుగులో రాసిన ఎర్రమూత డబ్బాలో, తాళం వేసిన అలమరలో పెట్టించాము. అలా చేయించడానికి పనికివచ్చినది ఒక విద్యార్థి రాసిన ఇరవై పేజీల లెక్క.

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. మా అమ్మకు 58 ఏళ్ళు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల చిన్నప్పటి నుంచి కీళ్ళ నొప్పులు, నడుము పట్టేయడం ఉన్నాయి. మూడేళ్ళుగా రోజూ రెండు పూటలా డైక్లోఫెనాక్ మాత్ర మందుల షాపులో కొని వేసుకుంటోంది. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర రాశారు. ఈ మధ్య మొహం ఉబ్బుతోంది. రెండూ కలిపి వాడవచ్చా?

జవాబు: ఈ వారంలోనే అమ్మను వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళి సిరమ్ క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష), పొటాషియం, మూత్ర పరీక్ష చేయించండి. డైక్లోఫెనాక్ సంగతి తప్పక చెప్పండి. షాపులో కొన్నది కదా అని చాలామంది దాన్ని మందుల లెక్కలో చెప్పరు. అది చట్టప్రకారం వైద్యుడి చీటీ మీదనే అమ్మవలసిన మందు.

రెండు రకాల మాత్రలు అని మీరు రాశారు గానీ అమ్మ ఒంట్లో కలుస్తున్నవి మూడు మందులు. మూత్రపిండంలోని వడపోత గుత్తిలోకి రక్తం తెచ్చే సన్నటి నాళం ఒకటి, బయటికి తీసుకుపోయే నాళం ఒకటి ఉంటాయి. లోపలికి తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచే రసాయనాన్ని డైక్లోఫెనాక్ వంటి నొప్పుల మాత్రలు తగ్గిస్తాయి, అందువల్ల అది ముడుచుకుంటుంది. టెల్మిసార్టాన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లో నీటినీ ఉప్పునూ తగ్గిస్తుంది. మూడూ కలిసినప్పుడు వడపోతకు కావలసిన ఒత్తిడి పడిపోతుంది. ఎండలో కూలికి పోయి, నీళ్ళు సరిగా తాగని రోజున లేదా వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున ఆ దెబ్బ ఒక్కసారిగా తగులుతుంది. టెల్మిసార్టాన్ మంచి మందు. బీపీ, షుగరు ఉన్నవారి మూత్రపిండాలను కాపాడడానికి కూడా ఇస్తారు. ఇక్కడ దాని పక్కన చేరినది దానికి పొసగనిది.

ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళలో దీని గురించి నాకు ప్రత్యేకమైన బాధ ఉంది. తాగే నీటిలో లీటరుకు 1 మి.గ్రా. దాటకుండా ఉంటే మేలు, వేరే నీరు దొరకనప్పుడు 1.5 మి.గ్రా. వరకు అని మన దేశ ప్రమాణం చెబుతుంది. ఒంట్లోకి పోయిన ఫ్లోరైడ్‌ను ముఖ్యంగా బయటికి పంపేది మూత్రపిండమే. నొప్పికి వేసుకున్న మాత్ర మూత్రపిండాన్ని దెబ్బతీస్తే ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ నిలిచిపోతుంది, ఎముకల బాధ పెరుగుతుంది, మళ్ళీ మాత్ర కావలసి వస్తుంది. ఆ చక్రంలో తిరిగి తిరిగి వచ్చిన తల్లులను నేను ఎందరినో చూశాను.

ఇంగ్లండులో లివర్‌పూల్ ప్రాంతంలోని రెండు ఆస్పత్రుల్లో చేరిన 18,820 మంది రోగులను పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, 6.5 శాతం మంది చేరికకు మందుల దుష్ప్రభావంతో సంబంధం ఉందని తేలింది. వాటికి ఎక్కువగా కారణమైన మందుల్లో ఆస్పిరిన్, ఇతర నొప్పుల మాత్రలు, నీరు తీసే మాత్రలు, రక్తం పలచన చేసే వార్ఫరిన్ ఉన్నాయి. అవి అరుదైన మందులేమీ కావు, మన ఇళ్ళలో అలమరలో ఉండేవే.

పరీక్షల ఫలితం వచ్చేదాకా నొప్పికి ఏమి వాడాలో వైద్యుణ్ణే అడగండి. చాలామందికి పారాసిటమాల్ పరిమితిలో వాడడం, పైపూత, కాపడం, వ్యాయామం తక్కువ హానితో ఉపశమనం ఇస్తాయి. బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

ప్రశ్న: మా ఆయనకు ఇన్సులిన్ నేనే వేస్తాను. పోయిన నెల షాపులో వేరే రంగు మూత ఉన్న సిరంజి ఇచ్చారు. గీత అదే కదా అని వేస్తున్నాను. షుగరు మాత్రం 300 దాటి పోతోంది. — బుచ్చిరెడ్డిపాళెం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఇప్పుడే సీసానూ సిరంజినీ పక్కపక్కన పెట్టి చూడండి. మన దగ్గర మామూలు ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మి.లీ.కు 40 యూనిట్ల బలంతో వస్తాయి. వాటికి ఎర్ర మూత సిరంజి వాడాలి. మి.లీ.కు 100 యూనిట్ల ఇన్సులిన్‌కు నారింజ రంగు మూత సిరంజి. రెండు సిరంజిల మీదా 20 అన్న గీత ఉంటుంది, ఆ గీత దగ్గర పట్టే మందు మాత్రం ఒకటి కాదు. 40 బలం సీసా నుంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. మీ ఇంట్లో జరుగుతున్నది ఇదే అయి ఉండవచ్చు. తిరగబడితే ఇంకా ప్రమాదం, 100 బలం ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజితో 20 దాకా తీస్తే 50 యూనిట్లు పోయి, మనిషి స్పృహ తప్పవచ్చు. సిరంజి మార్చగానే షుగరు వేగంగా దిగవచ్చు కాబట్టి, పెరిగిందని ఈ మధ్య ఎవరైనా మోతాదు పెంచి ఉంటే ఆ సంగతి వైద్యుడికి చెప్పిన తర్వాతే సీసాకు సరిపడే సిరంజితో వేయండి.

ఇంకొక మాట. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రిజ్ తలుపు వైపు అరలో ఉండాలి, గడ్డకట్టే అరలో పెట్టకూడదు. ఫ్రిజ్ లేని ఇంట్లో, రోహిణి కార్తెలో కూడా, తడి ఇసుక పోసిన మట్టికుండలో మూత బిగించిన డబ్బాలో పెట్టి నీడన ఉంచితే, బయట పెట్టినదానికంటే ఎంతో చల్లగా ఉంటుంది. కిటికీ గట్టు మీద మాత్రం వద్దు.

ప్రశ్న: ఏడాది పాపకు జ్వరం వస్తే సిరప్ 5 మి.లీ. పోస్తున్నాము. ఈసారి సిరప్ లేదని డ్రాప్స్ ఇచ్చారు. అదే 5 మి.లీ. పోయవచ్చా? — ఆత్మకూరు

జవాబు: పోయకూడదు. పారాసిటమాల్ సిరప్‌లో సాధారణంగా 5 మి.లీ.కు 125 లేదా 250 మి.గ్రా. ఉంటుంది, డ్రాప్స్‌లో ఒక్క మి.లీ.కే 100 మి.గ్రా. ఉంటుంది. 5 మి.లీ. డ్రాప్స్ అంటే 500 మి.గ్రా., పెద్దవాళ్ళ మాత్ర ఒకటి. పాప బరువు కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. ఒక మోతాదు. పది కిలోల పాపకు డ్రాప్స్ 1 నుంచి 1.5 మి.లీ. చాలు. సీసాతో వచ్చిన కొలతనే వాడండి, ఇంట్లో చెంచాలు ఒక్కొక్కటి ఒక్కో కొలత. నిమెసులైడ్‌ను 12 ఏళ్ళ లోపు పిల్లలకు మన దేశంలో 2011 నుంచి నిషేధించారు, ఎవరైనా జ్వరం త్వరగా దిగుతుందని ఇస్తే తీసుకోవద్దు.

ప్రశ్న: విరేచనాలు పట్టుకున్నప్పుడల్లా షాపులో ఆఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్ర తెచ్చుకుని వేసుకుంటాను. రెండుసార్లు పెదవి మీద అదే చోట మంట పుట్టి, తర్వాత నల్లమచ్చ పడింది. అడిగితే ఒంట్లో వేడి చేసిందన్నారు. నిజమేనా? — స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు

జవాబు: వేడి అనుకుని మజ్జిగ తాగి ఊరుకోవద్దు. ఒకే మందు వేసుకున్న ప్రతిసారీ ఒకే చోట మచ్చ తేలడం మందు పడకపోవడానికి చాలా స్పష్టమైన గుర్తు. మీరు రాసిన రెండు మందులూ ఇలాంటి మచ్చకు కారణం కాగలవు, ఏది కారణమో చర్మవైద్యుడు తేల్చాలి. అంతవరకూ రెండూ వద్దు, ఆర్నిడజోల్ కుటుంబానికే చెందిన మెట్రోనిడజోల్, టినిడజోల్ కూడా అడగకుండా వేసుకోవద్దు. మూడోసారి మచ్చ పెద్దదై, మరికొన్ని చోట్ల కూడా రావచ్చు. ఎప్పుడైనా మందు వేసుకున్నాక నోట్లో పుళ్ళు, కళ్ళు ఎర్రబడడం, జ్వరం, చర్మం మీద బొబ్బలు కలిసి వస్తే ఒక్క గంట కూడా ఆగకుండా పెద్దాస్పత్రికి వెళ్ళండి. అసలు మామూలు నీళ్ళ విరేచనాలకు ముందు కావలసింది ఓఆర్ఎస్, చాలా సందర్భాల్లో యాంటీబయాటిక్ అవసరమే ఉండదు.

మీకు జరిగినది నివేదించమని కోరుతున్నాను. మందుల దుష్ప్రభావాలను నమోదు చేయడానికి 2010లో మొదలైన భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ కేంద్రం. దేశమంతటా చాలా వైద్య కళాశాలల్లో దీని విభాగాలు పనిచేస్తున్నాయి. వైద్యులే కాదు, రోగి కూడా స్వయంగా ఫారం నింపి ఇవ్వవచ్చు, లేదా పనిదినాల్లో 1800-180-3024 అన్న ఉచిత నంబరుకు ఫోను చేయవచ్చు. అక్కడ చేరిన వివరాలు స్వీడన్‌లోని ఉప్సలా కేంద్రంలో ప్రపంచ దేశాల లెక్కతో కలుస్తాయి.

ఒక్క మనిషి మచ్చ సంగతి ఎవరికి కావాలని అనుకోవద్దు. 1961లో ఆస్ట్రేలియా వైద్యుడు విలియం మెక్‌బ్రైడ్, గర్భిణులకు వేవిళ్ళు తగ్గడానికి ఇచ్చిన థాలిడోమైడ్ అనే మందు వాడిన తల్లులకు అవయవ లోపాలతో బిడ్డలు పుడుతున్నారని లాన్సెట్ అనే వైద్య పత్రికకు కొద్ది వాక్యాల ఉత్తరం రాశాడు. మీలాంటి వారు ఏమి జరిగిందో రాసి పంపడానికి వీలు కల్పించే ఈ అంతర్జాతీయ ఏర్పాటు 1968లో మొదలవడానికి ఆ విషాదమే కారణం.

ఫారంలో మాత్ర పేరు, బ్యాచ్ నంబరు, వేసుకున్న తేదీ, మచ్చ తేలిన తేదీ అడుగుతారు. కాబట్టి ఖాళీ స్ట్రిప్పు పారేయకండి. ఆ రెండు మందుల పేర్లూ ఒక చిన్న కాగితం మీద రాసి, ఆధార్ కార్డు పెట్టుకునే చోటే పెట్టుకుని, ఏ వైద్యుడి దగ్గరికి వెళ్ళినా ఆయన కలం తీయకముందే చూపించండి.